తప్పు నెట్‌దా, కంప్యూటర్‌దా?

ప్రశ్న: మాది చీమకుర్తి. పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం 2020లో ఒంగోలులో ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. ఇప్పుడు మా అమ్మాయి ఈఏపీసెట్ నమూనా పరీక్షలు దాని మీదే రాస్తోంది. పరీక్ష మొదలుపెట్టిన అరగంటకో గంటకో కంప్యూటర్ దానంతటదే ఆగిపోతోంది. పొద్దున్నే ఆన్ చేస్తే ఎఫ్1 నొక్కమంటుంది. ఆ తరువాత ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని వస్తోంది. అదే సమయంలో అదే వైఫై మీద ఫోనులో అన్నీ బాగానే తెరుచుకుంటున్నాయి. రాత్రిపూట వెనక గదిలో నెట్ మరీ నెమ్మది. వైఫై పెట్టె హాల్లో గోడ గూట్లో ఉంది. 30 ఎంబీపీఎస్ ప్లాను అని డబ్బు కట్టించుకుంటున్నారు, పగలు డౌన్‌లోడ్ చేసినా మూడున్నర దాటదు. తెర మూలన ‘మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు’ అని ఒక్కోసారి హెచ్చరిక వస్తుంది. ఒకసారి మావారు అందులో ఉన్న నంబరుకు ఫోను చేస్తే ఎనీడెస్క్ అనే యాప్ పెట్టుకోమన్నారట, అనుమానం వచ్చి ఫోను పెట్టేశారు. కేబుల్ అబ్బాయిని అడిగితే కంప్యూటర్ పాతదైందంటాడు. షాపు అతను ఒకసారి నెట్ బాగాలేదంటాడు, ఒకసారి వైరస్ పట్టింది ఫార్మాట్ చేయాలంటాడు. ఇప్పుడేమో విండోస్ 10 ఆగిపోయింది, కొత్తది కొనేయండి అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక తల్లి, చీమకుర్తి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగైదు వేర్వేరు సమస్యలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అన్నీ ఒకే యంత్రం ముందు, ఇంచుమించు ఒకే కాలంలో కనిపించేసరికి మీకు ఒకే పెద్ద రోగంలా తోచింది. ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నెపం వేసుకోవడానికీ అదే వీలిచ్చింది. ఇద్దరిలో ఎవరూ పూర్తిగా అబద్ధం చెప్పలేదు, పూర్తిగా నిజమూ చెప్పలేదు. తిలా పాపం తలా పిడికెడు. కొత్త కంప్యూటర్ మాట కాసేపు పక్కన పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టినదీ, అన్నిటికంటే తక్కువ ఖర్చుతో పోయేదీ ఒకటి ఉంది. దానితో మొదలుపెడతాను.

రేపు పొద్దున కంప్యూటర్ ఆన్ చేసి, ఎఫ్1 నొక్కి లోపలికి వెళ్లాక తెర కింద కుడి మూలన తేదీ చూడండి. అక్కడ పదేళ్ల కిందటి తేదీ ఏదో, ఏ జనవరి ఒకటో తారీఖో కనిపిస్తుందని నా గట్టి అనుమానం. అదే నిజమైతే దీనికి కారణం వైరస్సూ కాదు, నెట్ లోపమూ కాదు. బ్యాటరీ అయిపోయింది, అంతే.

డెస్క్‌టాప్ కంప్యూటర్లో కూడా ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపేసినా లోపలి గడియారం నడుస్తూ ఉండటం దాని చలవే. అది కొన్నేళ్లు పనిచేసి చచ్చిపోతుంది. రాత్రిపూట స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేసే ఇళ్లలో ఇంకాస్త తొందరగా అయిపోతుంది. బ్యాటరీ పోయాక, కరెంటు ఆపిన ప్రతిసారీ యంత్రం తన తేదీని, తన అమరికలను మరిచిపోతుంది. పొద్దున లేవగానే ‘నాకేమీ గుర్తులేదు, ముందుకు వెళ్లనా?’ అని అడగడమే ఆ ఎఫ్1.

తేదీకీ, సైట్లు తెరుచుకోకపోవడానికీ సంబంధం ఏమిటంటారా? మీరు బ్యాంకు సైటుకో, జీమెయిల్‌కో వెళ్లినప్పుడు ఆ సైటు ముందుగా తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అని రాసి ఉంటుంది. 2020 సెప్టెంబర్ నుంచి ఏ సైటుకూ 398 రోజులకు మించి గడువున్న పత్రం ఇవ్వడం లేదు. మీ కంప్యూటర్ తాను 2013లో ఉన్నానని నమ్ముతుంటే, నిన్నగాక మొన్న పుట్టిన ఆ పత్రం దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. కాబట్టి దొంగపత్రం అనుకుని తలుపు వేసేస్తుంది. ఒక్క సైటు కాకుండా అన్ని సైట్లూ ఒకేసారి ఎదురుతిరగడం దీని గుర్తు. ఫోను తన సమయాన్ని నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. పైగా అదే వైఫై మీద ఫోను పనిచేస్తోందని మీరే రాశారు. ఆ ఒక్క వాక్యంతోనే ఇందులో నెట్ తప్పు లేదని తేలిపోయింది. షాపు అతను దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పటికి తేదీని చేత్తో సరిదిద్దండి. గడియారం మీద కుడి బటన్ నొక్కితే తేదీ మార్చే చోటు వస్తుంది. వెంటనే సైట్లన్నీ తెరుచుకుంటే రోగం దొరికినట్టే. ఆ తరువాత సీఆర్ 2032 అని అడిగి ఒక బ్యాటరీ కొనండి. రూపాయి కాసంత ఉంటుంది, మూడు వోల్టులది, వాచీలు బాగుచేసే కొట్లోనూ దొరుకుతుంది. యాభై రూపాయల లోపు పని. స్విచ్ ఆపి, వెనక కరెంటు వైరు పూర్తిగా ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి వదలండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క రేకు తీస్తే పెద్ద పచ్చటి బోర్డు మీద ఈ కాసు తళతళలాడుతూ కనిపిస్తుంది. ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో వెనక్కి నెడితే కాసు పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆ తరువాత ఒకసారి ఎఫ్1 అడగవచ్చు. తేదీ పెట్టి బయటికి వస్తే మళ్లీ అడగదు.

దీనికి ఫార్మాట్ చేయమన్నారు చూడండి, అది గోటితో పోయేదానికి గొడ్డలి. చేసినా మర్నాడు పొద్దున ఎఫ్1 తిరిగి వచ్చేది. అమ్మాయి నోట్సు, పెళ్లి ఫొటోలు మాత్రం తిరిగి వచ్చేవి కావు.

ఒక్క జాగ్రత్త. ఆ హెచ్చరిక పేజీలో ‘అయినా ముందుకు వెళ్లు’ అనే దారి ఒకటి ఉంటుంది. తేదీ సరిగ్గానే ఉండి, మిగతా సైట్లన్నీ తెరుచుకుంటూ, ఒక్క బ్యాంకు సైటు దగ్గరే హెచ్చరిక వస్తే మాత్రం ఆ దారిన వెళ్లకండి. అప్పుడది నిజమైన హెచ్చరిక కావచ్చు.

ఇక యంత్రం మధ్యలో ఆగిపోవడం. ఇక్కడ మీ ఊరే నాకు సగం జవాబు చెప్పింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలు తిరుగుతుంది, దాని పొడి మాత్రం చీమకుర్తిలోనే ఉండిపోతుంది. రాయి కోసే చోట నీళ్లలో బురదగా ఉండేది ఎండాక గాలికి లేచి కిటికీల్లోంచి వచ్చేస్తుంది. కంప్యూటర్ తనను తాను చల్లబరచుకోవడానికి ఫ్యానుతో గాలి లోపలికి లాక్కుంటుంది కదా, గాలితో పాటు ఆ పొడినీ లాక్కుంటుంది. ప్రాసెసర్ మీద ఫ్యాను, ఫ్యాను కింద సన్నటి రేకుల దిమ్మ ఉంటుంది. ఆ రేకుల సందుల్లో పొడి, నూగు కలిసి చాప అల్లినట్టు పట్టేస్తుంది. పైన ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంటుంది, కింద గాలి ఆడదు. పైనుంచి చూసి ఫ్యాను బాగానే ఉందనుకుంటాం. వేడి నూరు డిగ్రీల దరిదాపులకు చేరగానే ప్రాసెసర్ కాలిపోకుండా యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. కొద్ది నిమిషాలు చల్లారనిచ్చి వేస్తే మళ్లీ నడుస్తుంది, ఈసారి ఇంకా తొందరగా ఆగుతుంది. మీకు జరుగుతున్నది ఇదేనా అన్నది గమనించండి.

నిర్ధారణకు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. పక్క రేకు తీసి, లోపలికి గాలి తగిలేలా టేబుల్ ఫ్యాను పెట్టి, అమ్మాయిని మూడు గంటల పరీక్ష పూర్తిగా రాయనివ్వండి. లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అరగంటకు ఆగే యంత్రం ఆ మూడు గంటలూ నిలబడితే దోషి వేడే. మదర్‌బోర్డు, అంటే లోపలి ఆ పెద్ద బోర్డు, పోయిందని ఎవరైనా అన్నా వినకండి.

శుభ్రం చేయడం మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. వైర్లన్నీ తీసి, పెట్టెను ఆరుబయటికి తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి పెయింటు బ్రష్షుతో దులపండి. బ్లోయర్ ఉంటే ఇంకా మంచిది. కానీ గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను ఒక వేలితో కదలకుండా పట్టుకోండి. గాలి వేగానికి అది అదుపు లేకుండా తిరిగితే బేరింగు పాడవుతుంది. తడిగుడ్డ లోపల పెట్టవద్దు. అప్పటికీ ఆగుతుంటే ప్రాసెసర్‌కూ రేకుల దిమ్మకూ మధ్య పూసే పేస్టు ఎండిపోయి ఉంటుంది. అది షాపులో చేయించండి. ‘థర్మల్ పేస్టు మార్చి ఇవ్వండి’ అని అదొక్కటే అడగండి, ‘ఏమైందో చూడండి’ అనకండి. చూడమంటే చాలా కనిపిస్తాయి.

పెట్టెను నేల మీద నుంచి ఎత్తి ఒక పీట మీద పెట్టండి, వెనక భాగానికీ గోడకూ జానెడు ఖాళీ వదలండి. ఈఏపీసెట్ వచ్చేది ఎండాకాలంలోనే. రోహిణీ కార్తె ఎండలకు మనుషులకే ఊపిరాడని గదిలో టేబుల్ కింద మూలకు తోసిన పెట్టె సంగతి వేరే చెప్పాలా?

టేబుల్ ఫ్యాను పెట్టినా ఆగిందనుకోండి. అప్పుడు అది ఎప్పుడు ఆగుతోందో గమనించండి. బోరు మోటారు వేసినప్పుడు, ఫ్రిజ్ అందుకున్నప్పుడు, కరెంటు మిణుకుమన్నప్పుడు ఆగితే లోపలి పవర్ సప్లై బలహీనపడింది. ఎస్‌ఎంపీఎస్ అంటారు, విడిగా మార్చవచ్చు. యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ కూడా ఒకసారి చూపించండి.

ఇప్పుడు నెట్ దగ్గరికి వద్దాం. ముందు కేబుల్ అబ్బాయికి న్యాయం చేయాలి. 30 ఎంబీపీఎస్ అన్న ప్లానులో డౌన్‌లోడ్ మూడున్నర చూపిస్తే అతను మిమ్మల్ని మోసం చేయలేదు. ప్లానులో చెప్పేది బిట్లు, డౌన్‌లోడ్ దగ్గర కనిపించేది బైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ముప్ఫైని ఎనిమిదితో భాగిస్తే 3.75 వస్తుంది. అందులో కొంత దారి ఖర్చు పోను మూడున్నర అంటే నిండుగా ఇస్తున్నట్టే. ఈ లెక్క కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు. పెద్ద అంకె చెప్పుకోవడం వాళ్లకు సౌకర్యం.

కాబట్టి పగలు మీ నెట్ బాగుంది. రాత్రి, వెనక గదిలో బాగాలేదు. ఇక్కడ రాత్రి ఒక కారణం, వెనక గది ఇంకొక కారణం కావచ్చు. రెండూ కలిపి చూస్తే ఎన్నటికీ తేలదు. ఒక కాగితం తీసుకోండి. పొద్దున ఆరింటికి వైఫై పెట్టె పక్కనే నిలబడి ఫోనులో నెట్ వేగం కొలిచే ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, వచ్చిన అంకె రాసుకోండి. వెంటనే వెనక గదిలోకి వెళ్లి అదే ఫోనుతో మళ్లీ చూసి రాయండి. రాత్రి తొమ్మిదింటికి ఈ రెండూ తిరిగి చేయండి, ఆ కాసేపు టీవీ, మిగతా ఫోన్లు ఆపి. మొత్తం నాలుగు అంకెలు.

పెట్టె పక్కన రెండు పూటలా బాగుండి, వెనక గదిలో రెండు పూటలా పడిపోతే లోపం మీ ఇంట్లోనే, వైఫైదే. పెట్టె పక్కనే నిలబడినా రాత్రి పడిపోతే అది బయటి నుంచి వస్తున్న లోపం. కేబుల్ అబ్బాయి పని. ఫైబర్ ఒక్కో తీగ ఒక్కో ఇంటికి నేరుగా రాదు. ఒకే తీగను స్ప్లిట్టర్ పెట్టి ముప్ఫై రెండు ఇళ్లకో, అరవై నాలుగు ఇళ్లకో పంచుతారు. ఆ పైన ఆపరేటర్ కొనుక్కున్న మొత్తం సామర్థ్యం ఒకటుంటుంది. వీధి అంతా భోజనాలు చేసి వీడియోల ముందు కూర్చునే వేళకు అది చాలకపోతే అందరికీ తగ్గుతుంది. అలాంటప్పుడు ‘నెట్ రావట్లేదు’ అని ఫోను చేస్తే ‘పెట్టె ఆపి మళ్లీ వేయండమ్మా’ అంటాడు. ‘పెట్టె పక్కన పొద్దున 29 ఎంబీపీఎస్, రాత్రి 4 వస్తోంది, వారం నుంచి ఇంతే’ అని చెప్పి చూడండి. మాట మారుతుంది.

నా అంచనా మాత్రం మీ ఇంట్లో రెండూ ఉన్నాయని, వెనక గదిది పెద్ద వాటా అని. గోడ గూట్లో పెట్టె ఉందన్నారు. మీ ఊళ్లో గూడు అంటే మూడు వైపులా గోడ, పైనా కిందా గ్రానైట్ పలక. మరే ఊళ్లోనూ ఇంత ఉదారంగా రాయి వాడరు. వైఫై తరంగాలకు రాయి, కాంక్రీటు, ఇనుప బీరువా, నీళ్ల ట్యాంకు గిట్టవు. మీరు పెట్టెను రాతి అరలో దాచి వెనక గదిలో వెతుక్కుంటున్నారు. దాన్ని గూట్లోంచి తీసి, వెనక గది గుమ్మానికి ఎదురుగా, మనిషి ఎత్తున, ఏ అడ్డూ లేకుండా గోడకు తగిలించండి. చాలా ఇళ్లలో ఇంతటితోనే పని అయిపోతుంది.

అయితే జరిపేటప్పుడు సన్నటి ఫైబర్ తీగ జాగ్రత్త. లోపల ఉన్నది గాజు, దాంట్లో వెళ్లేది వెలుగు. చేతి గాజు చుట్టుకొలత కంటే చిన్నదిగా వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది, ఇంకా వంచితే విరుగుతుంది. తీగ చాలకపోతే లాగకండి, ఆపరేటర్‌నే పొడిగించమనండి. ఊడిన తీగ కొసలోకి కన్ను పెట్టి చూడవద్దు. కనిపించని లేజర్ వెలుగు అది. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా మిణుకుతుంటే వెలుగు మీ ఇంటి దాకా రావడం లేదని అర్థం. ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు. గడ్డి ట్రాక్టరు వెళ్తూ స్తంభాల మధ్య కేబుల్ తెంపేసిన రోజు జిల్లా అంతటా కనిపించే దీపం అదే. నేరుగా ఆ మాటే చెప్పి ఫిర్యాదు చేయండి. పీఓఎన్ దీపం నిలకడగా పచ్చగా ఉంటే తీగ బాగున్నట్టు.

ఇంకొక చిన్న చూపు. మీ కంప్యూటర్‌కు వైఫై ఎలా అందుతోంది? సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ అన్నారు కాబట్టి వెనక వైపు గోరంత యూఎస్‌బీ డాంగిల్ ఏదో గుచ్చి ఉంటుంది. అది ఇనుప పెట్టెకు వెనక, గోడకు ఆనుకుని, నేలకు దగ్గరగా ఉంటుంది. పైగా నీలం రంగు యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చి ఉంటే ఇంకో తంటా ఉంది. ఆ వేగపు రంధ్రాలు పనిచేసేటప్పుడు పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే రాసింది. మీటరు పొడవు యూఎస్‌బీ పొడిగింపు వైరు కొని, డాంగిల్‌ను టేబుల్ మీదికి తెచ్చి పెట్టండి. కనీసం ముందు వైపు నల్ల రంధ్రంలోకైనా మార్చండి.

వైఫై పేర్ల జాబితాలో మీ పేరే రెండుసార్లు, ఒకటి 5జీ తోకతో కనిపిస్తే కంగారు పడకండి. అది ఫోను 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై. పెట్టె ఉన్న హాల్లో అది వేగం. గోడలు దాటి వెనక గదికి వెళ్లాలంటే 2.4దే నయం. ఇదంతా ఎందుకు అనుకుంటే పెట్టె నుంచి కంప్యూటర్ వరకు ల్యాన్ వైరు లాగించేయండి. వంద మీటర్ల వరకు ఢోకా లేదు, గోడ మీద క్లిప్పులతో ఒక పూట పని. కదలని యంత్రానికి వైరును మించింది లేదన్నది నా పక్షపాతం, దాచుకోను.

ఇవన్నీ చేసినా మధ్యమధ్యలో తెగుతుంటే, కంప్యూటర్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. వెతికే చోట ఇంగ్లీషులో సి, ఎం, డి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. అమ్మాయికి చెబితే చేసేస్తుంది. అందులో పింగ్ అని రాసి, ఖాళీ వదిలి, మీ వైఫై పెట్టె చిరునామా కొట్టాలి. పెట్టె అడుగున చీటీ మీద ఉంటుంది, చాలాచోట్ల 192.168.1.1. చివర మళ్లీ ఖాళీ వదిలి, హైఫన్, టి. జవాబులు వరుసగా వస్తూనే ఉంటాయి. ఇంకో నల్ల కిటికీ తెరిచి 8.8.8.8 అనే గూగుల్ చిరునామాకు అదే చేయండి. నెట్ తెగినప్పుడు మొదటి కిటికీలో జవాబులు ఆగితే లోపం ఇంట్లోది. మొదటిది సాగుతూ రెండోది ఆగితే బయటిది. రెండూ సాగుతూనే సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు. అది ఆపరేటర్‌కు చెప్పినా సరిచేస్తాడు, మీరే అమరికల్లో 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టుకున్నా సరే. కంట్రోల్, సి కలిపి నొక్కితే పరీక్ష ఆగుతుంది.

తెర మూలన వచ్చే ‘ఐదు వైరస్‌లు’ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. అది వైరస్ కాదు, ప్రకటన. ఏదో సైటు ‘నోటిఫికేషన్లు పంపవచ్చా?’ అని అడిగినప్పుడు ఎవరో ఒప్పుకున్నారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కు వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేయండి. మీవారు ఫోను పెట్టేయడం చాలా మంచి పని. ఎనీడెస్క్ పెట్టించడం అంటే మన తెరను, మన మౌస్‌ను అవతలివాడి చేతికి ఇవ్వడం. నిజమైన కంపెనీ ఏదీ తెర మీద ఫోను నంబరు వేసి పిలవదు. తెర మొత్తం కమ్మేసి కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్లో బ్రౌజర్‌ను ఆపేయండి. ఎప్పుడైనా డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

చివరిది, విండోస్ 10. షాపు అతను చెప్పినదాంట్లో ఇది ఒక్కటి నిజం, సగం మేరకు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు. ఇంటి వాడుకదారులకు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో పేరు నమోదు చేసుకుంటే, అమరికల బ్యాకప్ పెట్టుకున్నవారికి ఉచితంగానే వస్తుంది. ఆ పేజీ ముందుగా తెరిచి చూడండి.

విండోస్ 11 మీ యంత్రానికి వస్తుందా అన్నది ప్రాసెసర్‌ను బట్టి ఉంటుంది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది, ఆ తరం వచ్చింది 2017లో. 2020లో సెకండ్ హ్యాండ్‌లో అమ్ముడుపోయినవి ఎక్కువగా అంతకంటే పాతవి. అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇస్తామనేవాళ్లు ఉంటారు. ఎక్కుతుంది, కానీ తరువాత అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. పొడిగింపు గడువు దాటాక కూడా ఆ యంత్రాన్ని వాడాలనుకుంటే విండోస్‌కు బదులు ఎక్కించుకునే లినక్స్ మింట్ ఉచితం. బ్రౌజర్లో రాసే నమూనా పరీక్షలకు, వీడియో పాఠాలకు, తెలుగు చదవడానికి అది చాలు. విండోస్ మాత్రమే కావాలనే సాఫ్ట్‌వేర్ ఏదైనా కాలేజీ వాళ్లు అడిగితే అప్పుడు కష్టం.

కొత్తది కొనడానికి ముందు ఒక సంగతి చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచి, ఏమీ చేయనప్పుడు కూడా డిస్క్ అన్నచోట నూటికి నూరు చూపిస్తోందా? పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే అంతే. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించి, మెమరీ 4 జీబీ ఉంటే ఎనిమిదికి పెంచితే, లేవడానికి ఐదు నిమిషాలు తీసుకునే యంత్రం అర నిమిషంలో లేస్తుంది. కానీ అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరితే ఎలాగూ ల్యాప్‌టాప్ కావాలి. ఈ నాలుగైదు నెలల కోసం పాతదానికి అంత పెట్టడం నాకు ఇష్టం లేదు. బ్యాటరీ మార్చండి, దుమ్ము దులపండి, డాంగిల్ బయటికి తీయండి, అక్కడితో ఆపి చూడండి. ఒక్కొక్కటి చేసి, రెండు రోజులు గమనించి, తరువాతది చేయండి. అన్నీ ఒకే ఆదివారం చేసేస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, మళ్లీ పాడైతే మొదటికి వస్తారు. ఎప్పుడైనా షాపుకు ఇవ్వాల్సి వస్తే ముందు ఫొటోలు, నోట్సు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. డిస్క్ మార్పిస్తే పాత డిస్క్ అడిగి తీసుకోండి, అందులో మీ ఇల్లంతా ఉంటుంది.

ఈలోగా అమ్మాయి నమూనా పరీక్షలు ఆగకూడదు కదా. 160 ప్రశ్నల పరీక్షకు నెట్ పెద్దగా ఖర్చు కాదు, తెగకుండా ఉంటే చాలు. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ వైరుతోనే కంప్యూటర్‌కు తగిలించి, ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోనులోని నెట్ వైరు ద్వారా కంప్యూటర్‌కు వస్తుంది, వైఫైతో పని లేదు. పరీక్ష రాసే ఆ మూడు గంటలూ ఆ ఫోనులో వీడియోలు చూడవద్దని మీవారికి చెప్పండి.